తువ్వాల కింద బేరం

ఆ రోజు పొద్దున స్నేహలత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎలాగైనా ఠాణా గడప దాటి, ఒక్క అసలు సిసలు పోలీసు పని చూడాలి. నేరశాస్త్రం చదువుతూ, వరంగల్‌లో మార్కెట్ వెనక ఉన్న ఠాణాలో ఇంటర్న్‌షిప్‌కు చేరినప్పటి నుంచి ఆ పిల్ల పట్టుకున్నవన్నీ జిరాక్స్ కాగితాలే. దొంగను కాదు కదా, దొంగ చెప్పును కూడా చూడలేదు.

మార్కెట్ యార్డులో రైతుల మిర్చి బస్తాలు మాయమవుతున్నాయి. అవి డోర్నకల్‌లో రైలు దిగాయని ఎవరో చెబితే ఇన్‌స్పెక్టర్ విజయశ్రీ అటు బయల్దేరింది. జీపెక్కుతుంటే స్నేహలత ఎదురుపోయింది.

"నేను గూడ వస్త మేడం."

"నువ్వు ఈడనే కూసో. నేనొచ్చేటాళ్లకు ఏమన్న లొల్లయిందనుకో, రేపటి సంది స్టేషన్‌కు రావద్దు. సర్టిఫికెట్ మాట మర్చిపో."

జీపు పోయింది. ఠాణాలో హెడ్ కానిస్టేబుల్ సారంగపాణి మిగిలాడు. ఆయన మీసం ముందు మెట్టెక్కితే, ఆయన తర్వాత ఎక్కుతాడు. మాటలు మీసం కంటే పొడుగు.

"బేడీలు ఎట్లేస్తరు సార్?" అని అడిగింది స్నేహలత.

"గట్ల అడుగు బిడ్డా! నేనేస్తే ఆ చప్పుడు దొంగకు ఇనవడేలోపల వాడు జైల్ల అన్నం తింటాంటడు. ఏదీ, చెయ్యి పట్టు."

ఒక కడియం తన చేతికి, రెండోది ఆమె చేతికి. టక్కుమంది.

"మస్తుగుంది సార్. ఇగ తియ్యుండ్రి."

సారంగపాణి జేబులు తడిమాడు. సొరుగు లాగాడు. టోపీ తీసి అందులో కూడా చూశాడు. మీసం మెల్లగా కిందికి వాలింది. తాళంచెవి మేడం గుత్తిలో ఉంది, గుత్తి జీపులో ఉంది, జీపు డోర్నకల్ దారిలో ఉంది.

"మేడంకు ఫోన్ చేద్దామా?"

"చేసి ఏం చెప్తవు? సారంగపాణిని అరెస్ట్ చేసిన అంటవా? నా ఇజ్జత్ ఏంగావాలె?"

"మరి నా సర్టిఫికెట్ సార్!"

మార్కెట్ గేటు దగ్గర తాళాలు బాగుచేసే ముసలాయన కూర్చుంటాడు. మేడం వచ్చేలోగా వెళ్లి విప్పించుకుంటే మూడో మనిషికి తెలియదు. అలా అనుకొని సారంగపాణి తన తువ్వాలను ఇద్దరి చేతుల మీద కప్పాడు. కొంప అక్కడే మునిగింది.

ఎందుకంటే, పశువుల అంగడి ఎరిగిన వాళ్లందరికీ తెలుసు, తువ్వాల కింద రెండు చేతులున్నాయంటే అది బేరం. వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి అంతుపట్టదు. మార్కెట్లో దళారి కుమారస్వామి కన్ను ముందు ఆ తువ్వాల మీదే పడింది.

"నమస్తే సారంగపాణన్నా! ఏం సరుకు? ఏడిదాక వచ్చింది బేరం?"

"బేరం లేదు, గీరం లేదు. నడువు!"

అంత గట్టిగా లేదన్నాడంటే చాలా పెద్ద బేరమేనని కుమారస్వామికి రూఢి అయింది. ఆ మాట మొగిలమ్మ చాయ్ బండి దగ్గరికి చేరేసరికి, "పట్టుకున్న మిర్చిని పోలీసోళ్లు గుట్టుగ అమ్ముతాండ్రట" అయింది. హమాలీలను దాటేసరికి, "ఆ పిల్ల దుబాయ్ కంపెనీ మేనేజరట" అయింది. కొనేవాళ్లు ఎగబడ్డారు, అమ్మేవాళ్లు సరుకు దాచారు, చాయ్ చల్లారేలోపల మిర్చి ధర మేడెక్కింది. పాపం ఆ ఇద్దరూ గేటు దాకా చేరేసరికి తాళాల ముసలాయన కూడా పెట్టె మూసేసి గుంపులో కలిశాడు.

అప్పుడు ఒక బక్కపలచని మనిషి పక్కకు జరిగి జరిగి వచ్చి, తువ్వాల కిందికి చెయ్యి పోనిచ్చి, సారంగపాణి వేళ్లు నొక్కాడు.

"సార్, నాకాడ గూడ బస్తాలున్నయి," అన్నాడు చెవిలో. "అమ్మిపెట్టేది మీరైతే ఫికరే లేదు. చిట్టీ గిట్టీ మాత్రం అడుగొద్దు."

"చిట్టీ లేని సరుకు ఏడిదిరా..." అనబోయాడు సారంగపాణి. స్నేహలత బేడీని ఒక్క గుంజు గుంజింది. ఆయన నోరు కళ్లెం లాగిన గుర్రం నోరైంది.

"సరుకు సూడకుండ ఎట్ల కొంటమన్నా? జర సూపెట్టు," అంది స్నేహలత, అచ్చం దుబాయ్ కంపెనీ మేనేజరులాగే.

వాడు సంబరంగా ముందు నడిచాడు. వెనక బేడీల జంట. వాళ్ల వెనక తుమ్ముకుంటూ దగ్గుకుంటూ మార్కెట్ మార్కెటంతా. యార్డు చివర పాడుబడ్డ షెడ్డు తలుపు తెరవగానే గుంపులోంచి ఒక కేక లేచింది. బస్తాలు పోగొట్టుకున్న నెక్కొండ రైతు మల్లక్కది ఆ గొంతు.

"ఓరి నీ చేతులిరుగ! అవి నా బస్తాలురా! మూతులు నా చీరంచు చింపి కుట్టిన. సూడుండ్రి, నా ఒంటి మీద అదే చీర!"

దొంగ వెనక్కి తిరిగాడు. ఎలుక దూరే సందు లేదు. "నేను వంద ఎక్కువిస్త!" అని వెనకవాళ్లు ఇంకా వేలం పాట పాడుతూనే ఉన్నారు. వాడు ఎడమకు దూకితే స్నేహలత అడ్డం, కుడికి దూకితే సారంగపాణి అడ్డం, మధ్యలో బేడీల గొలుసు అడ్డం. మల్లక్క వాడి చొక్కా గల్లా పట్టింది.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది. మార్కెట్లో లొల్లి అని వినగానే విజయశ్రీ సగం దారి నుంచే వెనక్కి తిప్పింది. గుంపును తోసుకుంటూ వచ్చి నిలబడింది. అప్పుడే తువ్వాల జారి పడింది. ఆమె బేడీలను చూసింది, బస్తాలను చూసింది, దొంగను చూసింది.

మేడం గుత్తి తీసి, స్నేహలత చేతి కడియం విప్పి, దొంగ చేతికి వేసింది.

"మేడం, మరి నాది?" అన్నాడు సారంగపాణి.

"ఉండనియ్యి. వాణ్ని స్టేషన్ దాక తీస్కపోయేదెవరు?" అని, ఇటు తిరిగింది. "స్నేహలతా, రేపటి సంది స్టేషన్‌కు రావద్దు."

పిల్ల ముఖం వాడిపోయింది.

"సీదా మార్కెట్‌కే రా. నాతోటి డ్యూటీ. సర్టిఫికెట్ నేనే నా చేత్తోటి రాస్త."

చప్పట్లూ తుమ్ములూ కలిసి మోగాయి. మల్లక్క స్నేహలతను ఎత్తినంత పని చేసింది. పక్కన సారంగపాణి, ఈ వల తానెన్నాళ్ల నుంచి పన్నుతున్నాడో దొంగకే వివరిస్తూ నడిచాడు. వాడికి వినక తప్పలేదు.

మిర్చి ధర ఒక్క పూటలో అంతలా పెరగడానికి విదేశీ గిరాకీయే కారణమని మరునాటి పేపర్లో నిపుణులు తేల్చిచెప్పారు.