ఈగలను చంపకూడని రోజు

బెంగాలీలు అల్లుణ్ణి పిలిచి విందు పెట్టే అల్లుళ్ళ షష్ఠి పండుగ నాటి ఉదయం నిత్యగోపాల్ సమద్దార్ ఒక ప్రణాళిక వేసుకున్నాడు. ఆరింటికి టీ, ఆరున్నరకు చేపల బజారు, తొమ్మిదింటికల్లా వంటింట్లో ఈగ అన్నది లేకుండా చేయడం. పదకొండింటి లోకల్ రైల్లో కొత్త అల్లుడు దీప్తేందు కృష్ణనగర్‌లో దిగుతాడు. అతనికిది అత్తవారింట మొదటి షష్ఠి.

ఈగల మీద అంత పట్టింపు ఎందుకంటే, ఫాల్గుణంలో జరిగిన పెళ్ళి విందులో రసగుల్లా పాకంలో ఒక ఈగ తేలింది. ఇంకెవరి గిన్నెలో తేలినా సర్దుకునేవారు. అది పెళ్ళికొడుకు మేనమామ భూపతిబాబు గిన్నెలో తేలింది. అప్పటినుంచి ఆయన ఆ కథను పెళ్ళిళ్ళలో చెప్పాడు, శ్రాద్ధాల్లో చెప్పాడు, రైల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా చెప్పాడు. మొదట్లో ఒకటే ఈగ, ఇప్పటికి ఏడయ్యాయి. అత్తవారింట తనను 'ఈగలవారి అమ్మాయి' అంటున్నారని కూతురు టుంపా ఫోన్లో ఏడ్చింది. ఇవాళ కూతురితో, అల్లుడితో పాటు భూపతిబాబు కూడా వస్తున్నాడు, ఎవరూ పిలవకుండానే.

వంటింట్లో రెండు గంపల హిమసాగర్ మామిడిపళ్ళు, కోసిన పనసపండు, లిచీ గుత్తులు ఉన్నాయి. వాటి మీద ఆవగింజంత ఈగలు వందల్లో ముసిరి ఉన్నాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మనవాళ్ళన్నది ఇలాంటి వంటిల్లు చూసే అయివుంటుంది. నిత్యగోపాల్ నాలుగు టీ కప్పుల్లో వెనిగర్ పోసి, సబ్బు నీళ్ళు కలిపాడు. అంతలో భార్య సుషమ వచ్చింది.

"ఏంటివి?"

"మందు. వాసనకు వస్తాయి, పడతాయి, పోతాయి."

"చంపుతారా? ఇవాళ? షష్ఠీదేవి పిల్లల్ని కాచే రోజున?"

"ఈగలకూ పిల్లలకూ ఏం సంబంధమే?"

"ఎందుకు లేదూ? ఆ పనసపండు నిండా వాటి పిల్లలే. మన పిల్లలు చల్లగా ఉండాలని నేను పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మీరు ఇంకోళ్ళ పిల్లల్ని చంపుతుంటే ఆ తల్లి నా మొహం చూస్తుందా? కావాలంటే తరిమేయండి. ప్రాణాలతో!"

నిత్యగోపాల్ ముప్పై రెండేళ్ళు జిల్లా కోర్టులో గుమాస్తాగా పనిచేశాడు. ఆయన బల్ల మీదికి వచ్చేవన్నీ అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయించే కేసులే. ఆ అనుభవంలో ఆయన తెలుసుకున్నది ఒకటే, ఎవరూ ఖాళీ చేయరు. అయినా భార్య మాట కాదనలేక, ఒక వెడల్పు మూతి గాజు సీసాలో మామిడి తొక్కలు వేసి, మూతికి కొసన చిల్లు పెట్టిన కాగితం పొట్లం బిగించాడు. లోపలికి వెళ్ళిన ఈగకు బయటికి దారి తెలియదు. పావుగంటలో సీసా నిండింది.

వాటిని ఎక్కడ వదలాలన్నది తరవాతి ప్రశ్న. తమ పెరట్లో వదిలితే వెనక్కి వస్తాయి. సందు అవతల హరిసాధన్ పాల్ వంటింటి కిటికీ ఉంది. నిత్యగోపాల్ రెండుసార్లు గుట్టుచప్పుడు కాకుండా వెళ్ళి వదిలి వచ్చాడు. మూడోసారి పొట్లం తీసేసి మూత పెట్టి, పైన గుడ్డ కప్పి తీసుకెళ్తే కిటికీలోంచి హరిసాధన్ తొంగి చూశాడు.

"ఏం నిత్యదాదా, మా కిటికీ కింద నక్కారు?"

"నక్కడమేంటయ్యా, మీ ఇంటికే వస్తున్నా."

"చేతిలో ఏంటది?"

కోర్టులో ఇతరుల అబద్ధాలు రాసుకున్నవాడే గానీ నిత్యగోపాల్ స్వయంగా ఆడి ఎరగడు. "పండుగ కదా... కాస్త మామిడి," అన్నాడు.

"అయ్యో, ఎందుకండీ శ్రమ!" అంటూనే హరిసాధన్ సీసా లాక్కున్నాడు.

పదిన్నరకు నిత్యగోపాల్ వంటిల్లు అద్దంలా ఉంది. అవతలి ఇంట్లో హరిసాధన్ భార్య మూత తీసింది. ఈగలు లేచాయి, అడుగున తొక్కలు మిగిలాయి. "గుజ్జు వాళ్ళు తిని తొక్కలు మనకా!" అని ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఎంత మంటైనా పొరుగింటి గిన్నెను ఉత్తగా తిప్పి పంపకూడదు. అందుకని మూడురోజులుగా ముగ్గిపోతున్న తమ పనస తొనలను, వాటి మీద ముసిరినవాటితో సహా, సీసాలో కుక్కి మూత బిగించింది.

పన్నెండింటికి దీప్తేందు పీట మీద కూర్చున్నాడు. ముందు అయిదు రకాల పళ్ళ పళ్ళెం, పాకం మిఠాయిల గిన్నెలు, పక్కన కళ్ళజోడు సర్దుకుంటూ పాకాలన్నీ పరిశీలిస్తున్న భూపతిబాబు. సుషమ నీళ్ళలో ముంచిన తాటాకు విసనకర్రతో, "నూరేళ్ళు, నూరేళ్ళు," అంటూ అల్లుడికి మూడుసార్లు విసరాలి. రెండోసారి విసురుతుండగా హరిసాధన్ భార్య సరాసరి లోపలికి వచ్చింది.

"మీ తొక్కలు అందాయక్కా. మా వంతు ఇదిగో," అని సీసా పళ్ళెం పక్కనే పెట్టి మూత తీసింది.

లోపలున్నవన్నీ ఒక్కసారి లేచాయి. నిత్యగోపాల్ కళ్ళు మూసుకున్నాడు. ఇక టుంపా ఆ ఇంట్లో జన్మంతా తల దించుకు తిరగాల్సిందే. అల్లుడి ముఖం ముందు సుషమ చెయ్యి ఆగలేదు. మూడు, పది, యాభై. "నూరేళ్ళు, నూరేళ్ళు, నూరేళ్ళు!" తడి విసనకర్ర చిమ్మిన నీళ్ళకు దీప్తేందు కళ్ళు మూతపడ్డాయి. భూపతిబాబు కళ్ళజోడు తడిసి మసకబారింది. ఆయన దాన్ని తీసి తుడిచాడు, పెట్టుకునేలోగా మళ్ళీ తడిసింది. కళ్ళజోడు లేకుండా ఆయనకు ఈగ కాదు, ఏనుగైనా ఆనదు. కనిపించేది పైకీ కిందికీ ఆడుతున్న విసనకర్ర ఒక్కటే. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా, పాతిక నిమిషాలు, అది అలా ఆడుతూనే ఉంది.

"వదినగారూ," అన్నాడు భూపతిబాబు, చేతులు జోడించి. "మా అత్తగారు మూడు విసిరారు. నాలుగోది అడిగితే చెయ్యి నొప్పన్నారు. అత్తగారంటే మీరండీ!"

సుషమ కూలబడి అప్పుడు మంచినీళ్ళు తాగింది. హరిసాధన్ భార్య, ఏం సాధించిందో తెలియక, కళ్ళు తుడుచుకుంది.

భూపతిబాబు ఇప్పుడు పాత కథ మానేసి ఈ కథే చెబుతున్నాడు. మొదట్లో వందసార్లు విసిరింది, ఇప్పటికి వెయ్యయింది. 'విసనకర్రవారి అమ్మాయి' అంటున్నారని టుంపా ఫోన్లో నవ్వింది. అల్లుడి పళ్ళెం ఖాళీ అయ్యేదాకా విసరడం భూపతిబాబు వంశంలో ఆచారమైంది. ప్రస్తుతం ముగ్గురు అత్తగార్లు భుజానికి వైద్యం చేయించుకుంటున్నారు.