కంప్యూటర్ గారిది ఏ ఊరండీ?

పాలకాయతిప్ప దగ్గర చేపలు పట్టుకు బతికే బంగార్రాజుకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిందన్న వార్తను ఊరు ధైర్యంగానే తట్టుకుంది. తట్టుకోలేని వార్త ఆ తర్వాత వచ్చింది. ఏం చెయ్యాలో తేల్చుకోమని డాక్టరు రోగినే అడిగిందట!

డాక్టర్ గాయత్రి చెప్పింది సూటిగానే ఉంది. కొత్త మాత్ర ఒకదానికి ట్రయల్ జరుగుతోంది. చేరినవాళ్ళందరికీ ఇప్పుడున్న వైద్యం అందుతుంది. సగం మందికి దాంతోపాటు ఆ మాత్ర కూడా ఇస్తారు. ఎవరికన్నది చీటీ తీసినట్టు కంప్యూటరే తేలుస్తుంది. మాత్ర మేలు చేస్తుందో కీడు చేస్తుందో ఇంకా తెలియదు. వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు. శుక్రవారంలోగా చెప్పాలి.

డాక్టరుకు తెలియకపోయినా టీ కొట్టుకు తెలుసు. ఆ మాత్ర వేసుకుంటే గుర్రంలా పరుగెడతాడని ఒకరు, గుటుక్కుమంటాడని మరొకరు ధ్రువీకరించారు. ఇద్దరూ మాత్రను చూడలేదు కనుక నిష్పక్షపాతంగా మాట్లాడారు.

బంగార్రాజు బావమరిది శ్రీకృష్ణ పలుకుబడి గల మనిషి. జాతరలో ముందు వరుస, పెళ్ళిలో మొదటి పంక్తి, ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం ఆయన సిఫార్సు మీదే దొరుకుతాయి. ఆయన వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి, ప్రజల సౌకర్యార్థం స్పీకర్ పెట్టాడు.

“ఆ మాత్ర మా బావకే రావాలండీ. ఇంతకీ ఆ కంప్యూటర్ గారిది ఏ ఊరండీ?”

“చెన్నైలో ఉందండీ.”

“మనవాళ్ళేనా?”

అవతలి మనిషి ఫోన్ పెట్టేశాడు. కంప్యూటర్ గారిని స్వయంగా దర్శించడానికి ప్రతినిధి బృందం బయల్దేరింది. శాకాహారి అయితే బందరు లడ్డూ, కాకపోతే ఎండు రొయ్యలు, ఎలాగైనా పనికొచ్చే శాలువా వెంట తీసుకెళ్ళారు. “ప్రాణం పోయినా సరే, మా బావకి మాత్ర ఇప్పిస్తా!” అని శ్రీకృష్ణ గర్జించాడు. ఎవరి ప్రాణమో వివరించలేదు.

ఇంట్లో బంగార్రాజుకు భయం వేసింది. తుఫానులో చిక్కినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. మాత్ర వికటిస్తే? చేరకుండా ఊరుకుంటే, తనను నాలుగు రోజులు నిలబెట్టేది ఆ మాత్రే అయితే?

“చేరితే ఉన్న వైద్యం ఆపరుగా?” అంది భార్య బుల్లెమ్మ.

“ఆపరంట.”

“కుదరకపోతే మానుకోవచ్చంటన్నారు. ఇంక మిగిలింది చీటీయేగా. పాయలో వలలకి మనం తియ్యట్లా?”

పాయలో ఎవరు ఎక్కడ వల కట్టాలో ఆ ఊళ్ళో చీట్లు తీసే తేలుస్తారు. ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపని న్యాయం అది. దానికి ఒకటే నియమం, శ్రీకృష్ణ ఊళ్ళో లేని రోజున తియ్యాలి.

శుక్రవారం శ్రీకృష్ణ చెన్నైలో ఉన్నాడు. ఇంత మంచి ముహూర్తం మళ్ళీ దొరకదని భార్యాభర్తలు బస్సెక్కారు. బంగార్రాజు కాగితమంతా చదివించుకుని, భయం భయంగానే సంతకం పెట్టాడు. అయినా తన సంగతి తానే తేల్చుకున్నందుకు ఆయనకు హాయిగా అనిపించింది.

కంప్యూటర్ ఆయనకు కొత్త మాత్ర చీటీయే తీసింది. కంప్యూటర్ గారి దర్శనం దొరక్క, లడ్డూలు తామే తినేసి బృందం తిరిగొచ్చింది. మర్నాడే రోడ్డు మీద ‘శ్రీకృష్ణ గారి కృషి ఫలితం’ అని ఫ్లెక్సీ వెలిసింది. మాత్ర పనిచేస్తోందో లేదో చెప్పడానికి కొంతకాలం పడుతుందని గాయత్రి చెప్పింది. ఊరికి అంత ఓపిక లేదు. తెల్లారేసరికి శ్రీకృష్ణ ఇంటి ముందు జనం చేరారు. పక్కింట్లో మాత్ర మింగబోతూ బంగార్రాజు చెవి అటు వేశాడు.

అందరికన్నా ముందున్న లక్ష్మయ్య తన కొడుకును రెక్క పట్టుకుని ముందుకు నెట్టాడు.

“మావాడికీ ఆ క్యాన్సర్ దాంట్లో ఒక సీటు ఇప్పించండి బాబూ!”

“వాడికి జబ్బు లేదు కదయ్యా?” అన్నాడు శ్రీకృష్ణ.

“ముందు సీటు ఖాయం చెయ్యండి. జబ్బు సంగతి మేం చూసుకుంటాం.”