బయటికి పడిన గోడ

మనిషి ఇల్లు ఎందుకు కట్టుకున్నాడు అన్న ప్రశ్నకు పండితులు ఎండనీ, వాననీ, దొంగలనీ రకరకాల కారణాలు చెబుతారు. అవన్నీ పైపై మాటలు. అసలు కారణం బీమా పత్రం చదివితేగానీ తెలియదు: మినహాయింపులన్నిటినీ ఒకే కప్పు కింద భద్రపరచుకోవడానికే మనిషి ఇల్లు కట్టుకున్నాడు.

ఈ సత్యం టీచరమ్మకు కాస్త ఆలస్యంగా బోధపడింది. బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరైన మనిషి. గుడ్డ ఎక్కడ పిగులుతుందో చేత్తో పట్టుకుని చెప్పగలదు గానీ, వాక్యం ఎక్కడ పిగులుతుందో చెప్పలేదు. పాలసీ అమ్మడానికి వచ్చిన ఏజెంటు వరండాలో కూర్చుని, ఇచ్చిన టీ తాగి, "ఇంటికి ఏమైనా సరే పిన్నిగారూ, మేమున్నాం" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. వాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. "ఏమైనా" అన్న మాటకు మాత్రం పత్రం చివర సన్నటి అక్షరాల్లో అర్థం ఇచ్చారు: "ఏమైనా అనగా, పైన మినహాయించినవి పోగా మిగిలినది, ఏమైనా మిగిలినచో."

ఆ ఇంట్లో రెండు గదులూ ఒక వంటిల్లూ. ముందుగదిలో టీచరమ్మా, ఆమె కుట్టుమిషనూ. వెనకగదిలో ఆమె ఆడపడుచు. టీచరమ్మ భర్త పోయినప్పుడు, "ఒక్కదానివీ ఎలా ఉంటావు వదినా, నాలుగు రోజులుండి పోతాలే" అంటూ ఒక పెట్టెతో వచ్చిన ఆడపడుచు, ఆ తర్వాత పోయే ఊసెత్తలేదు. టీచరమ్మా అడగలేదు. అడిగితే గుర్తొస్తుందేమోనని భయం. ఉద్యోగమున్న రోజుల్లో ఆ ఆడపడుచు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. పక్కన కూర్చున్న మనిషితోనైనా పొరుగూరికి వినపడేలా మాట్లాడుతుంది కాబట్టి వీధిలో ఆవిడ పేరే ఎక్స్ఛేంజి అయిపోయింది.

ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చి, వెనకగది గోడ మొత్తం పెరట్లోకి పడిపోయింది. ఎక్స్ఛేంజి అప్పుడు వంటింట్లో టీ వడపోస్తోంది.

"వదినా, నా గదిలోంచి పెరడు కనిపిస్తోందే!"

"కిటికీ తీసుంటావు."

"కిటికీ పెరట్లో పడుంది!"

బీమా సంస్థకు ఫోన్ చేశారు. నిప్పు వల్ల నష్టమైతే ఒకటి నొక్కమనీ, నీటి వల్లనైతే రెండు, గాలి వల్లనైతే మూడు నొక్కమనీ, గాలీ నీరూ కలిసి వచ్చి ఉంటే ముందు ఏది వచ్చిందో నిర్ధారించుకుని మళ్ళీ ఫోన్ చేయమనీ ఒక తియ్యటి గొంతు చెప్పింది.

"ఎవరమ్మా నువ్వు? నీ సూపర్‌వైజర్ని పిలువు!" అంది ఎక్స్ఛేంజి.

"అది టేపే. మనిషి కాదు."

"అదే కదా నేననేది! మా రోజుల్లో మనిషి ఉండేది వదినా. అవతలివాళ్ళు ఏడుస్తుంటే లైను కట్ చెయ్యకుండా ఆగేవాళ్ళం."

(సంస్థలో ఏడుపుకు నంబరు కేటాయించే ప్రతిపాదన పరిశీలనలో ఉంది.)

మొత్తానికి సర్వేయరు మర్నాడు వస్తాడని తేలింది. ఇక్కడే టీచరమ్మ ఒక పొరపాటు చేసింది. ఇంటికి కొత్త మనిషి వస్తున్నాడంటే ఇల్లు ఊడ్చకుండా ఉండటం ఆమె వల్ల కాదు. పొద్దున్నే లేచి మట్టి ఎత్తి పారబోసింది. ఎక్స్ఛేంజిని వద్దంటున్నా లాక్కెళ్ళి, ఇద్దరూ కలిసి ఇటుకలన్నీ పెరట్లో వరసగా పేర్చారు. నేల కడిగారు. గోడ ఉండాల్సిన చోట, చూసేవాడికి అసహ్యంగా ఉండకూడదని, పాత దుప్పట్లు కలిపి అంచులు మడిచి కుచ్చులు పెట్టి ఒక పెద్ద పరదా కుట్టి వేలాడదీసింది.

సర్వేయరు వచ్చి గది మధ్యలో నిలబడి చాలాసేపు చూశాడు.

"చాలా బాగుందమ్మా. నష్టం ఏ గదిలో?"

"ఈ గదిలోనే బాబూ. ఆ పరదా వెనక గోడ లేదు."

"లేని గోడకు ఫొటో తియ్యడం కుదరదమ్మా. పడిన గోడ కావాలి."

"పెరట్లో ఉన్నాయిగా ఇటుకలు!"

"అవి పేర్చి ఉన్నాయి. పేర్చి ఉన్న ఇటుకల్ని మేము నిల్వ సామగ్రి అంటాం." అతను బాధగానే చెప్పాడు. మంచివాడు. టీ కూడా సగమే తాగాడు. "మీరు నష్టాన్ని మళ్ళీ యథాస్థితికి తీసుకురండి. అప్పటిదాకా గోడ కట్టకూడదు. కడితే, కట్టడం ద్వారా ఆధారాలు నాశనం చేశారని సంస్థ మీ మీదే కేసు పెడుతుంది."

అతను వెళ్ళాక ఎక్స్ఛేంజి పరదా పక్కకి జరిపి ఆకాశం కేసి చూసింది. "వదినా, మా అక్క కూతురు పొద్దున ఫోన్ చేసింది. ఆ చలిలో ఎలా పడుకుంటావు పిన్నీ, మా ఇంటికి వచ్చెయ్యి అంటోంది."

టీచరమ్మ చేతిలోని కప్పులు కింద పెట్టేసింది. "నువ్వేమన్నావు?"

"గోడ లేస్తుందిలే అన్నా. మళ్ళీ వాన పట్టేలోగా లేవకపోతే చూద్దామన్నా. నా ఆయాసం సంగతి నీకు తెలుసుగా."

తెలుసు. అందుకే ఆ పూట అన్నం తినకుండానే టీచరమ్మ వీధి చివర ఉండే మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది.

"గోడ కట్టాలామ్మా?"

"కాదు. పడగొట్టినట్టు పరచాలి."

మేస్త్రీ చెవి వెనక పెట్టుకున్న పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. కట్టడమంటే వారంలో అయిపోయే పని అనీ, పడినట్టు పరచడం ఇంతవరకూ ఎవరూ అడగలేదనీ, అందులో తనకు అనుభవం లేదనీ నిజాయితీగా ఒప్పుకున్నాడు. అయినా వచ్చాడు. సాయంత్రం దాకా ముగ్గురూ ఇటుకలు చల్లారు.

"ఆ సగం ఇటుక తులసి కోట దగ్గర కాదే, బకెట్టు పక్కన పడింది."

"నువ్వు చూశావా? నువ్వప్పుడు మిషను కింద దూరి ఉన్నావు."

"సూది పడిపోతే వెతుకుతున్నా!"

"గాలివానలో సూది వెతికే మనిషిని నిన్నే చూశా వదినా."

చివరికి టీచరమ్మ మనసొప్పక, కిటికీ చట్రాన్ని కొంచెం అందంగా ఏటవాలుగా పెట్టింది.

ఈసారి వచ్చింది గాలి దిశల పరిశీలకుడు. (నీటి దిశలకు వేరే పరిశీలకుడు ఉన్నాడు, వాళ్ళిద్దరికీ మాటల్లేవు.) అతను జేబురుమాలు గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. దిక్సూచి తీశాడు. గదిలోంచి పెరట్లోకీ, పెరట్లోంచి గదిలోకీ తిరిగాడు.

"గోడ బయటికి పడింది," అన్నాడు.

"అవునండీ."

"బయటి నుంచి వచ్చిన గాలి గోడని లోపలికి తొయ్యాలి. బయటికి పడిందంటే గాలి ఇంట్లోంచి వచ్చినట్టు. ఇంట్లో పుట్టిన గాలి పాలసీ కిందికి రాదమ్మా. అది గృహస్థుల సొంత బాధ్యత."

"మా వదిన నోరు తెరిస్తే గాలివానే బాబూ, కాదనను," అంది ఎక్స్ఛేంజి. "కానీ గోడ పడేంత ఎప్పుడూ రాలేదు."

అతను నవ్వలేదు. ఇంకోసారి ఇటుకల్ని చూసి, ఇవి మరీ పద్ధతిగా పడ్డాయనీ, చేత్తో పరిచినట్టున్నాయనీ, ఉద్దేశపూర్వకంగా చేసిన నష్టం అసలే వర్తించదనీ అన్నాడు.

"మీరే పరచమన్నారు కదయ్యా!"

"పరచమన్నది యథాస్థితి విభాగం. పరిస్తే పట్టుకునేది మేము. రెండూ వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి."

టీచరమ్మ ఆఫీసుకు వెళ్ళింది. రెండు అంతస్తులూ ఎక్కి దిగింది. మూడో అంతస్తులో "సామరస్య అధికారి" అనే ఆయన ఉన్నాడనీ, రెండు విభాగాలూ ఒకదాన్నొకటి కాదన్నప్పుడు ఆయన రెండింటితోనూ ఏకీభవిస్తాడనీ గుమస్తా చెప్పాడు. ఆయన గది బయట బెంచీ మీద అందరూ చేతుల్లో సంచులు పెట్టుకుని, ఊరికి పోయే బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు. కిటికీ అద్దం మీద సన్నగా చినుకులు పడటం మొదలైంది. అది చూడగానే టీచరమ్మ లేచి, వరస దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"అయ్యా, నాకు మీ సొమ్మేం వద్దు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను. మేస్త్రీ సిద్ధంగా ఉన్నాడు. నా గోడ నేను కట్టుకుంటాను."

"అంత తొందరేమిటమ్మా?"

"వాన పడితే మా ఆడపడుచు వెళ్ళిపోతుంది."

సామరస్య అధికారి సానుభూతితో తల పంకించాడు. వెనక్కి తీసుకునే హక్కు ఆమెకు పూర్తిగా ఉందన్నాడు. అయితే ఎంత నష్టాన్ని వదులుకుంటున్నదీ ముందు తేలాలి కాబట్టి, వదులుకోవడానికి కూడా తనిఖీ ఉంటుందన్నాడు. అప్పటిదాకా గోడ కట్టరాదు.

ఇంటికొచ్చేసరికి పరదా తడిసి నేలకు అంటుకుపోయింది. వాకిట్లో అక్క కూతురి కారు ఆగి ఉంది. ఎక్స్ఛేంజి ముందుగదిలో పెట్టె పక్కన కూర్చుని దగ్గుతోంది.

"గోడ లేవగానే ఫోన్ చెయ్యి వదినా. చేసిన రోజే బస్సెక్కేస్తా."

"నీకు ఫోనెందుకే, అక్కణ్ణుంచి మామూలుగా మాట్లాడు, ఇక్కడ వినపడుతుంది."

"చూశావా, పోయేముందు కూడా దెప్పుతుంది!" ఎక్స్ఛేంజి నవ్వబోయి దగ్గింది. టీచరమ్మ ఆవిడ స్వెట్టరు గుండీలు కిందినుంచి పైదాకా పెట్టి, ఒకటి వదులుగా ఉందని మళ్ళీ విప్పింది. సూదీ దారం తెచ్చి, మనిషి మీదే ఉంచి, ఆ గుండీ గట్టిగా కుట్టింది. అవసరమైనదానికన్నా చాలా ఎక్కువసేపు కుట్టింది. ఆస్పత్రికి వెళ్తూ ఆమె భర్త కూడా ఇట్టే వచ్చేస్తాననే అన్నాడు. ఆ సంగతి ఇప్పుడు ఎత్తడం బాగుండదని దారం పళ్ళతో కొరికి తెంపింది.

సంస్థ మాట తప్పేది కాదు. వానాకాలం పోయాక సామరస్య అధికారి రెండు విభాగాలతోనూ ఏకీభవించగా, గోడ సగం లోపలి గాలికీ సగం బయటి గాలికీ పడినట్టు నిర్ణయించి, గోడ కట్టుకోవడానికి అనుమతి మంజూరు చేశారు. మేస్త్రీ వచ్చి గోడ కట్టాడు. సున్నం వేశాడు. కిటికీ బిగించాడు. టీచరమ్మ పరదా విప్పి, ఉతికి, దిండు గలీబులు కుట్టింది. మంచం గోడవారగా జరిపి ఫోన్ చేసింది.

"గోడ లేచిందే."

"మంచిది వదినా." గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఏమైంది, గొంతు పోయిందా?"

"లేదు లేదు. పక్కన అక్క కూతురి పాప పడుకుంది. వీళ్ళమ్మకి ఉద్యోగం వచ్చింది కదా, నేనే చూసుకుంటున్నా. గట్టిగా మాట్లాడితే లేస్తుంది." టీచరమ్మ ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది. "పాపని బళ్ళో వేశాక చూద్దాంలే వదినా."

ఆ బడి ఎప్పుడని టీచరమ్మ అడగలేదు.

వారం తిరక్కుండా ఆఖరి తనిఖీకి ఒక కుర్ర అధికారి వచ్చాడు. కొత్త గోడని వేళ్ళతో కొట్టి చూసి చాలా సంతోషించాడు.

"ఈ గదిలో ఎవరుంటారమ్మా?"

"మా ఆడపడుచు."

"ఎక్కడున్నారు?"

"వస్తుంది."

"వచ్చేదాకా ఇది ఖాళీ గది కింద లెక్కమ్మా. ఖాళీ గదికి ఏం జరిగినా పాలసీ వర్తించదు. రాసుకోవాలి కదా, ఎందుకు ఖాళీ అయింది?"

"మీరు గోడ కట్టనివ్వలేదు నాయనా, అందుకని."

కుర్రాడు కాగితం కేసి చూశాడు. కారణాల గడుల్లో నిప్పు ఉంది, నీరు ఉంది, గాలి, పిడుగు, భూకంపం ఉన్నాయి. సంస్థకు గడి లేదు. పెన్ను పట్టుకుని కాసేపు నిజంగానే ఇబ్బంది పడి, చిట్టచివర మిగిలిన "స్వచ్ఛందం" అన్న గడిలో టిక్కు పెట్టి, కింద ఆమె చేత సంతకం చేయించుకున్నాడు.