తాబేలు చుట్టూ ముప్పై మీటర్లు

ఏడింటికి బీచ్ చేరడం, ఎనిమిదింటికి ఫొటో తీయడం, తొమ్మిదింటికి ఇంట్లో కూర్చుని టిఫిన్ చేయడం. ఆ ఆదివారం పథకం అంతే. కూతురు తెల్లవారగానే వెళ్ళి ఇసుకలో ఇరవై అడుగుల తాబేలును గీసింది. నేల మీద నిలబడి చూస్తే గీతలు తప్ప ఏమీ కనిపించదు. పైనుంచి డ్రోన్‌తో తీస్తేనే తాబేలు. పదింటికల్లా పోటు నీళ్ళు అక్కడికి వచ్చేస్తాయి. స్కూలు పోటీకి ఫొటో పంపడానికి ఆ రోజే ఆఖరు.

డ్రోన్ మేనమామది. పెద్దవాళ్ళే ఎగరెయ్యాలన్నది ఆయన షరతు. అందుకని ఆ పని తండ్రి మీద పడింది. తండ్రి ఒక ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా సర్క్యులర్లు రాసే గుమాస్తా. తోటివాళ్ళు చాటుగా 'సబ్‌క్లాజు' అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. మొదట్లో బాధపడి, తర్వాత ఆ బాధలోనే కొంత గౌరవం వెతుక్కున్నాడు. పదిహేనేళ్ళ కూతురు ఈ మధ్య ఆయన్ని ఏదీ అడగడం లేదు. చాలాకాలానికి ఇది అడిగింది. దీన్ని చెడగొడితే ఇంకేదీ అడగదని ఆయనకు లోపల ఎక్కడో అనిపించింది. ఆ భయంతోనే డ్రోన్ల నిబంధనలు నలభై పేజీలు అచ్చు తీయించి వారం పాటు చదివాడు.

బీచ్‌లో ఆయన సంచిలోంచి టేపు, ఎర్రగుడ్డ కట్టిన పద్నాలుగు పుల్లలు బయటికి తీశాడు. డ్రోన్‌కు ముప్పై మీటర్ల లోపు పరాయి మనిషి ఉండకూడదు. కొలిచి, తాబేలు చుట్టూ పుల్లలు నాటాడు.

"ఎవరూ లేరు కదా నాన్నా. ఎగరెయ్" అంది కూతురు.

"ఇప్పుడు లేరు. ఎగిరాక వస్తే?"

వచ్చారు. ఎర్ర జెండా అంటే లైఫ్‌గార్డుకు ఒకటే అర్థం. పైవాళ్ళెవరో ప్రమాదం పసిగట్టారనుకుని, తనకెందుకు చెప్పలేదని నొచ్చుకుంటూనే, ఈల వేసి నీళ్ళలో ఉన్నవాళ్ళందరినీ ఒడ్డుకు రప్పించాడు. తర్వాత వచ్చి, లోపల ఏముంది సార్ అని వినయంగా అడిగాడు. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి, తాబేలు అని చెప్పాడు.

ఆ మాట తడిబట్టల జనంలోకి వెళ్ళి, అటు చివరికి చేరేలోపు తాబేలు గుడ్లు పెట్టింది, ఒకావిడను కరిచింది కూడా. చూడటానికి మరో యాభై మంది వచ్చారు. ముప్పై మీటర్ల లెక్క తప్పింది. తండ్రి జెండాలు పీకి ఇంకా వెనక్కి నాటాడు. జాగా పెరిగిన కొద్దీ అందులో ఏదో పెద్దదే ఉందన్న నమ్మకం పెరిగింది, నమ్మకంతో పాటు జనమూ పెరిగారు. ఆయన మళ్ళీ జరిపాడు. చుట్టూ తిరిగితే ఆలస్యమని ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా నడిచాడు. ఎన్నిసార్లు నడిచాడో ఆయనకే తెలియదు. కూతురు ఏదో అనబోయింది. "ఉండమ్మా, నీకోసమే కదా" అన్నాడు. ఇంకోసారి అనబోయింది. చెయ్యెత్తి ఆగమన్నాడు.

తొమ్మిదిన్నరకు తీరం అధికారి వచ్చింది. లైఫ్‌గార్డు ఫోన్ చేశాడట. తండ్రి అచ్చుకాగితాలు గుండెకు హత్తుకుని, వారం నుంచి మనసులో దిద్దుకున్న సమాధానాలకు సిద్ధమయ్యాడు. ఆమె కాగితాల వైపు చూడనేలేదు. డ్రోన్‌ను అరచేతిలో పెట్టుకుని బరువు అంచనా వేసింది.

"ఇది పావుకిలో కూడా లేదు. ఇక్కడ దీనికి ఏ పర్మిషనూ అక్కర్లేదు, జనం నెత్తిన ఎగరెయ్యకపోతే చాలు. మీ కాగితాల్లోనే ఉంటుంది చూడండి" అని, జెండాల వైపు తిరిగింది. "పర్మిషన్ కావలసింది వీటికి. ఎవరు పెట్టమన్నారు?"

ఆ మినహాయింపు ముప్పై ఎనిమిదో పేజీలో ఉంది. ఆయన చదివాడు కూడా. మినహాయింపులు ఎప్పుడూ ఇంకొకరి కోసం రాస్తారని ఆయన నమ్మకం. అందుకే అప్పుడు ఆ పేజీని పరాయివాళ్ళ ఉత్తరంలా మర్యాదగా తిప్పేశాడు.

ఆమె జనాన్ని వెనక్కి పంపింది. పది నిమిషాలు తక్కువ పదికి, ఆయన నిలబడ్డ చోటనుంచే డ్రోన్ నిటారుగా లేచింది.

అది దిగాక ఇద్దరూ ఫోన్ తెర చూశారు. తాబేలు ఉంది. దాని వీపు మీద, మెడ మీద, వల పన్నినట్టు అటూ ఇటూ బూటు గుర్తులు. వంద మందిలో ఒక్కరి పాదమూ అక్కడ పడలేదు. అన్ని గుర్తులూ ఒక్క జతవే. చిప్ప నడిమధ్య, చంకలో కాగితాలతో, ఆకాశంలోకి చూస్తూ ఒక మనిషి.

తాను పైనుంచి ఎలా ఉంటాడో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. చాలాసేపు చూశాడు.

"చెప్పొచ్చు కదమ్మా."

"రెండుసార్లు చెప్పబోయాను నాన్నా."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననుకున్నాడు. అల వచ్చి తాబేలు తోకను తీసుకెళ్ళింది. ఇంకొకటి గీసే వేళ లేదు. కూతురు ఫోన్‌లో ఏదో నొక్కింది.

"అదే పంపేశాను."

మూడు వారాల తర్వాత మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతల అభిప్రాయాన్ని కూతురు అన్నం దగ్గర పైకి చదివింది. కాపాడుతున్నాననుకుంటూ తొక్కేసే మనిషిని ఇంత లోతుగా ఊహించడం ఈ వయసులో అరుదు. ముఖ్యంగా ఆ పాత్రకు ఎంచుకున్న నటుడు ఎంతో సహజంగా ఉన్నాడు. 'నటుడు' దగ్గర ఆమెకు నవ్వు ఆగలేదు. ఎదురుగా కూర్చుని ఆ నవ్వు విన్నాడాయన. తర్వాత నాన్నా, వచ్చే ఆదివారం ఖాళీయేనా అని అడిగింది.

ప్రశంసాపత్రంలో వాస్తవ దోషం ఉందనీ, సదరు వ్యక్తి నటుడు కాడనీ, సవరించగలరనీ ఆయన మర్నాడు ఒక లేఖ రాశాడు. రాసి పంపకుండా ఉంచుకున్న లేఖ ఆయన జీవితంలో అదొక్కటే.