ఆర్బీ టిడ్‌వెల్ ముఖదర్శన విజయము

కంబర్లాండ్ నదీతీరమున, గిటారునాదముతో మేల్కొని గిటారునాదముతోనే నిద్రించు నాష్‌విల్ మహానగరమున, బెల్‌బాటం ప్యాంట్లు వీథులను ఊడ్చుచున్న ఆ కాలమున, కాలిఫోర్నియా నుండి ఒక సినిమాసేన దండెత్తి వచ్చెను. అమెరికా పల్లెపాటల బాణీయగు కంట్రీ సంగీతలోకమును వెక్కిరించు చిత్రమది. నాయకులు అసంఖ్యాకులు, కథ మాత్రము స్వల్పము. వెక్కిరింపబడువారే వేషములకై ఎగబడిరి.

వారిలో ఒకడు ఆర్బీ టిడ్‌వెల్, స్టీల్‌గిటారు ధురంధరుడు. పాదములతో తొక్కుచు, మోకాళ్ళతో నెట్టుచు, కూర్చుండియే వాయింపవలసిన వాద్యమది. కావున ఆ మహావీరుడు ఆయుష్షంతయు గాయకుల వీపులు చూచుచునే గడపెను.

ఆ ఉదయమున భార్య ఐడెల్లా మొక్కజొన్న రొట్టె వడ్డించుచు ఆజ్ఞాపించెను.

"మా ఆయన సినిమాలో కనిపిస్తాడని చర్చిలో అందరికీ చెప్పేశాను. మళ్ళీ నీ మోకాళ్ళే చూపించావో, ఆ ఆడవాళ్ళ మధ్య నేనింక తలెత్తుకోలేను."

"కనిపిస్తాలేవే."

"టీవీకి వెళ్ళినప్పుడూ ఇదే మాట. మీ అమ్మే నిన్ను గుర్తుపట్టలేదు."

మధ్యాహ్నమున చిత్రీకరణకై ఉద్యానవనమందలి వేదికపై, ఆర్బీకి సరిగా ఎదుట, గాయని వెర్నెల్ స్టాంప్స్ నిలిచెను. అబ్బా, ఏమి ఆ కేశగోపురము! మేఘములను పలుకరించునది, స్ప్రేలేపనముచే వజ్రకఠినమైనది, గాలివానకైనను చలింపనిది! ఆర్బీ ఎడమకు వంగెను. గోపురము ఎడమకు వాలెను. కుడికి వంగెను, కుడికి వాలెను.

"వెర్నెల్, తల్లీ, కాస్త జరగవా?"

"జరిగితే కెమెరాకి నేనే కనబడను. నీ మొహం చూడ్డానికి టికెట్టెవరు కొంటారు ఆర్బీ?"

"మా ఆవిడ కొంటుంది."

"పాపం, ఇంట్లో చూసింది చాల్లేదా!"

అంతలో, చర్చి బోధకుని వేషము ధరించిన న్యూయార్క్ నటుడు చేతులెత్తి, "ప్రార్థిద్దాం!" అని, లారీ టైర్లను, గిటారు తీగలను దీవించి, నవ్వులకై ఎదురుచూచుచు ఆగెను. ఒక్కడును నవ్వలేదు. ఎవరు చేసినను ఆ ఊరివారికి ప్రార్థన ప్రార్థనయే. టోపీలు దిగెను, శిరస్సులు వంగెను, కేశగోపురమును వంగెను. 'ఆమెన్' వినబడనిదే ఒక్క తలయు లేవదు. పాపము, ఆ నటునికి చర్చి ముఖమే తెలియదు, ఇక ఆమెన్ అనవలెనని ఎట్లు తెలియును!

"వీళ్ళకేమైంది? నిద్రపోయారా?" అని దర్శకుడు కెస్లర్ సహాయకుని చెవిలో గొణిగెను. కెమెరా తిరుగుచునే యుండెను.

వంచిన తలతోనే ఆర్బీ ఓరకంట చూచెను. జన్మమున మొదటిసారిగా తనకును కెమెరాకును నడుమ ఆకాశము తప్ప అడ్డములేదు! తల యెత్తినచో దైవాపరాధము, ఎత్తకున్నచో ఐడెల్లాపరాధము. ఉభయసంకటమున ఆ ధీరుడు, వేదికపై ఏనాడును నోరు విప్పనివాడు, సింహనాదము చేసెను:

"ఆమెన్!"

పలికినవాని తల ముందుగా లేచెను. బరువుచే గోపురము ఆలస్యముగా లేచెను. ఆ నడిమి క్షణమున చెమటతో, వెడల్పాటి చెవులతో ఆర్బీ ముఖము సంపూర్ణముగా ఉదయించి, వెంటనే అస్తమించెను.

చిత్రము విడుదలైన దినమున చర్చిస్త్రీలు థియేటరులో ఒక వరుసనంతయు ఆక్రమించిరి.

"అదిగో! అదిగో మా ఆయన!" అని ఐడెల్లా లేచి నిలిచెను.

"ఎక్కడే?"

"అయిపోయింది."

అప్పుడు ఎవ్వరినీ ఊరక మెచ్చని మిసెస్ ప్రూయిట్ కళ్ళజోడు సవరించుకొని తీర్పు చెప్పెను:

"చెవులైతే ఆర్బీవే."

లోకులారా, వినుడు! ఆర్బీ టిడ్‌వెల్ గెలిచెను!