మోచేతి దగ్గర ఒకటి

ఆ గురువారం పొద్దున్న తాతబాబు వేసుకున్న పథకం చిన్నదే. పోర్టులో పనికి సెలవు పెట్టి, వన్ టౌన్‌లో ఎలర్జీ డాక్టరుగారికి చూపించుకుని, మధ్యాహ్నానికల్లా మల్కాపురం తిరిగొచ్చి, భార్య పోతమ్మ వండిన వంజరం చేప పులుసుతో అన్నం తిని పడుకోవాలి. అంతే. రెండేళ్లుగా అతనికి తెల్లవారకముందే ఆయాసం వస్తోంది. ఓడల్లోంచి బస్తాలు దించే కళాసీ, నిలువెత్తు మనిషి, ఆ వేళ మాత్రం గోడ పట్టుకుని, నోరు తెరిచి, గాలి కోసం వెతుక్కునేవాడు. పోతమ్మ వీపు రాస్తూ కూర్చునేది. ఆ తర్వాత చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధిలోకి వెళ్లేది.

డాక్టరు శ్రీరామ్మూర్తిగారు ఈ చుట్టుపక్కల రోగులకి ఎక్కువగా ఏమేమి పడవో ఆరా తీస్తున్నారు. అందుకని వచ్చినవాళ్లందరికీ ఒకటే పరీక్ష. కాంపౌండరు తాతబాబు ఎడమచేతి మీద మణికట్టు దగ్గర మొదలుపెట్టి మోచేతి దాకా ఒకటి నుంచి పది వరకు సిరాతో అంకెలు వేశాడు. ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క వేసి సూదితో గుచ్చాడు. ఒకటోది గోధుమ ధూళి, రెండోది ఇంటి దుమ్ము, మూడోది బొద్దింక. అలా పైకి పోయి ఎనిమిదోది వంకాయ, తొమ్మిదోది రొయ్య, పదోది చేప.

"ఇరవై నిమిషాలు చెయ్యి కదపకు. ఎక్కడ దద్దురు లేస్తే ఆ వస్తువు నీకు పడదన్నమాట. అంకెలు చెరిగాయో, మళ్లీ వచ్చేవారం రావాలి," అన్నారు డాక్టరుగారు.

మే నెల. వరండాలో ఫ్యాను లేదు. తాతబాబు బుద్ధిగా పదిహేను నిమిషాలు కూర్చున్నాడు. చెమట కళ్లలోకి దిగింది. అలవాటుకొద్దీ ముంజేత్తో మొహం తుడుచుకున్నాడు. చూసుకుంటే చేతిమీద అంకెల్లేవు, నీలం మరక ఉంది.

మళ్లీ వారం అంటే మళ్లీ ఒక రోజు పని పోయినట్టే. ఐదో తరగతి దాకా చదివినవాడు, అంకెలకి భయపడే రకం కాదు. పక్కవాడి జేబులో పెన్ను అడిగి తీసుకుని, గోడవైపు తిరిగి, సూది గుర్తుల పక్కన వరసగా అంకెలు వేసుకున్నాడు. చెయ్యి మొదలయ్యేది పైనుంచే కదా అని మోచేతి దగ్గర ఒకటి పెట్టి, మణికట్టు దగ్గర పదితో ముగించాడు. చేతిరాత కాంపౌండరు రాత కంటే బాగానే కుదిరింది.

డాక్టరుగారు వచ్చి చూశారు. మణికట్టు వైపు మూడు దద్దుర్లు రూపాయి బిళ్లల్లా లేచి ఉన్నాయి.

"ఎనిమిది, తొమ్మిది, పది. వంకాయ, రొయ్య, చేప. ధూళి నీకేమీ చెయ్యదు. ఆశ్చర్యమే!" అని కాగితం మీద రాసిచ్చారు. "ఒక ప్రాంతంలో ఉండేవాళ్లలో చాలామందికి ఒకే రకం వస్తువులు పడవేమోనని నా అనుమానం. చూద్దాం."

ఆ ఆఖరి మాట డాక్టరుగారు తనలో తాను గొణుక్కున్నారు. తాతబాబు దాన్ని మల్కాపురం మోసుకొచ్చాడు.

"సేపా?" అంది పోతమ్మ, గరిటె చేతిలో ఉండగానే. "పుట్టినకాడినుంచీ తింతన్నావు గదా మావా. ఇప్పుడేటి కొత్తగా?"

"నా సెయ్యే సెప్పింది. దద్దుర్లు సూడు. ఆ బుట్ట బయట పెట్టు ముందు."

గురువులు అని పక్కింటివాడు, పోర్టులో వాళ్ల ముఠాకి మేస్త్రీ, కాగితం చూడ్డానికి వచ్చాడు. "నీకేనా బావా, ఇంకెవులికైనానా?"

"ఇక్కడోల్లందరికీ అదేనంట. డాక్టరుగారే అన్నారు."

గురువులుకి పదేళ్లుగా దగ్గు. ఎదురింటి ముసలమ్మకి దురద. ఆ చివరింట్లో పిల్లకి తుమ్ములు. రెండు రోజుల్లో వీధి వీధంతా చేప మానేసింది. పోతమ్మ కేక వినబడితే తలుపులు వేసుకున్నారు. ముసలమ్మ అయితే, "మా గుమ్మంలో దింపకే తల్లీ, గాలి తగుల్తాది," అని దండం పెట్టింది. మధ్యాహ్నానికి బుట్టలో చేపలు మెత్తబడ్డాయి. పోతమ్మ వాటిని తీసుకెళ్లి దిబ్బ వెనక గొయ్యి తీసి పాతిపెట్టింది. వారం రోజులు అదే పని.

ఎనిమిదోనాడు ఆమె బట్టలు మూట కట్టుకుంది.

"ఎక్కడికే?"

"నా ఒల్లంతా సేప వోసనే. సేప పడకపోతే నాను పడనట్టే గదా," అని సముద్రం ఒడ్డునున్న పుట్టింటికి వెళ్లిపోయింది.

తాతబాబు పప్పు, మజ్జిగ తిని బతికాడు. ఇల్లు ఊడ్చే మనిషి లేదు. మూలల్లో దుమ్ము పేరుకుంది, గిన్నెల మధ్య బొద్దింకలు కాపరం పెట్టాయి. ఆయాసం రెట్టింపయింది. ఇంకా చేప వాసన పోలేదనుకుని, పోతమ్మ పులుసు వండే మట్టిచట్టి పగలగొట్టాడు. పగలగొట్టాక చాలాసేపు దాని ముందే కూర్చుండిపోయాడు.

మూడు నెలలు గడిచాయి. రేవులోకి గోధుమ ఓడ వచ్చింది. ఇదివరకు తాతబాబు ఆయాసం చూసి గురువులు అతన్ని పైన డెక్కు మీదే ఉంచేవాడు. ఈసారి అలా చెయ్యలేదు.

"దూలి నీకు పడతాదని కాయితం ఉంది గదా బావా. ఓడ అడుక్కి నువ్వే దిగు."

తాతబాబు గర్వంగా దిగాడు. గంట గడవకముందే నలుగురు అతన్ని బస్తాలెత్తే వలలో వేసి పైకి లాగారు. పెదాలు నల్లబడ్డాయి. కళ్లు తేలిపోయాయి.

ఆసుపత్రిలో రెండో రోజుకి మాట వచ్చింది. కబురు విని పోతమ్మ చేతులకి పొలుసులతోనే పరిగెత్తుకొచ్చి మంచం పక్కన నిలబడింది. శ్రీరామ్మూర్తిగారు కూడా వచ్చి, కాగితం పదిసార్లు తిప్పి చూశారు.

"నా పరీక్ష ఎక్కడ తప్పింది?"

తాతబాబు దుప్పటి కిందికి చూశాడు. "అంకెలు సెరిగిపోతే నానే రాసినాను బాబూ."

"ఎటునుంచి?"

తాతబాబు వేలు మోచేతి దగ్గర మొదలై మెల్లగా మణికట్టుకి దిగింది. డాక్టరుగారు కళ్లు మూసుకున్నారు. "అయితే నీకు పడనివి గోధుమ ధూళి, ఇంటి దుమ్ము, బొద్దింక. చేప నువ్వు నిక్షేపంగా తినొచ్చు."

పోతమ్మ ఏడవలేదు, అరవలేదు. "మూడు నెల్లు నా బతుకు దిబ్బలో పాతేసినావు. అడగడానికి నోరు లేదేటి నీకు?" అంది. ముక్కులో గాలిగొట్టం ఉండటం వల్ల తాతబాబు తల తిప్పుకోలేకపోయాడు.

డాక్టరుగారు మంచివారు. స్వయంగా మల్కాపురం వచ్చి, వీధిలో నిలబడి, చేప వల్ల ఏ ప్రమాదమూ లేదని చెప్పారు. గురువులు ఓపిగ్గా విన్నాడు. "మీకు తెల్దు బాబూ. సేప మానేసినాక నాకు దగ్గు సగం తగ్గింది," అని దగ్గుతూ లోపలికి వెళ్లిపోయాడు. ముసలమ్మ తలుపు తియ్యనేలేదు.

పోతమ్మ తిరిగొచ్చి ఇల్లంతా ఊడ్చింది. కానీ ఆ వీధిలో ఆమె బుట్ట మళ్లీ దిగలేదు. తాతబాబుకి ధూళి లేని పని ఏ ఓడలోనూ దొరకలేదు. ఇద్దరూ పొద్దున్నే బయల్దేరి, ఎవరూ తమని ఎరగని గాజువాక వైపు చేపలు పట్టుకెళ్లేవారు. బుట్ట అతని నెత్తిన, కేక ఆమె నోట.

తాతబాబుకి ఆ తర్వాత ఆయాసం రాలేదు. ఎదురుమాట కూడా రాలేదు.