ఉచిత విమానంలో చెరో దారి

దాంపత్యం నిలబడాలంటే ప్రేమ కావాలనీ, ఓర్పు కావాలనీ పెద్దలు చెబుతూ వచ్చారు. పాపం, వాళ్ళ కాలంలో క్రెడిట్ కార్డులు లేవు! కొత్త కార్డు తీసుకున్నందుకు బ్యాంకు ఇచ్చే బోనస్ పాయింట్ల ముందు ప్రేమ ఏపాటిది?

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. పోయినేడాది ఓ రోజు, "ఏవండీ, ఒక్కసారి ఇద్దరం కలిసి సముద్రం చూసొద్దామా?" అంది. మామూలు మొగుడైతే వెంటనే టికెట్లు కొనేసేవాడు. డబ్బు పెట్టి వెళ్ళడం ఎవరికైనా చేతనవుతుంది. ఉచితంగా వెళ్ళడంలోనే ఉంది మొనగాడితనం!

నా పథకం చిత్తగించండి. ముందు నేనో కార్డు తీసుకుంటాను. గడువులోగా బ్యాంకు చెప్పినంత ఖర్చు పెడితే, విమాన టికెట్టుకు పనికొచ్చే పాయింట్లు వస్తాయి. తర్వాత అదే బ్యాంకుకు మా ఆవిడ పేరు సిఫారసు చేస్తాను. ఆవిడకు బోనస్, సిఫారసు చేసినందుకు నాకు ఇంకో బోనస్! ఆ పైన ఆవిడ వేరే బ్యాంకు కార్డు తీసుకుని నన్ను సిఫారసు చేస్తుంది. పెళ్ళయినప్పటి నుంచీ మా ఆవిడ నన్ను ఎవరి దగ్గరా సిఫారసు చేసిన పాపాన పోలేదు. చివరికి వాళ్ళమ్మ దగ్గర కూడా!

అంత ఖర్చు ఎక్కణ్ణించి తెస్తావయ్యా అని గిట్టనివాళ్ళు అడుగుతారు. బంధువులున్నది ఎందుకండీ? మా బావమరిదికి ఒక పన్ను పుచ్చింది. నేనే డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను.

"డాక్టరుగారూ, ఆ పక్క పన్ను కూడా ఓ చూపు చూడండి."

"అది బాగానే ఉందండీ."

"ఈ నెల బాగుంది. వచ్చే నెల సంగతేమిటి?"

బావమరిది నోరు తెరుచుకునే ఉన్నాడు కాబట్టి అభ్యంతరం చెప్పలేకపోయాడు. బిల్లు నా కార్డు మీద గీకించాను. డబ్బు తర్వాత ఇస్తానన్నాడు. ఇంకా ఇవ్వలేదనుకోండి, ఆ మాట వేరు.

మిత్రులతో హోటలుకెళ్తే బిల్లును గద్దలా తన్నుకుపోయేవాణ్ణి. ఇంటివాళ్ళు మేకు కొట్టనిచ్చే గోడ ఒకటే, నేను కొన్న డ్రిల్లింగ్ మెషిన్లు రెండు! ఇక మా అన్యోన్యత అంటారా? నేను షాపు నుంచి వచ్చే వేళకు ఆవిడ డ్యూటీకి బయల్దేరుతుంది. గుమ్మంలో ఎదురుపడితే ఇదివరకు "తిన్నారా?" అనేది. ఇప్పుడు "నీలం కార్డు వాడారా, ఎర్రదా?" అంటోంది. మనసులు కలవడమంటే ఇదే కదా?

ఎట్టకేలకు కష్టం ఫలించింది. ఇద్దరికీ ఉచిత టికెట్లు! చిన్న చిక్కల్లా ఒకటే. ఊరందరి చూపూ సరిచేసే నాకు, షరతుల్లోని చీమ తలకాయంత అక్షరాలు ఆనలేదు. ఉచిత సీటు విమానానికి ఒక్కటేనట. ఆవిడ సోమవారం వెళ్ళి గురువారం తిరిగి రావాలి. నేను ఆ గురువారమే వెళ్ళాలి.

"కలిసి కదండీ అన్నాను?" అంది మా ఆవిడ.

"ఇద్దరం చూసేది ఒకే సముద్రం కదే!" అని సర్దిచెప్పాను.

గురువారం నేను విమానం దిగి బయటికొచ్చేసరికి, ఆవిడ బెంచీ మీద నా కోసం కూర్చుని ఉంది. ముక్కు ఎండకు కమిలిపోయింది. చెప్పుల్లో ఇసుక. పక్కన కూర్చున్నాను. నా ముఖం కేసి అదేపనిగా చూసింది.

"కళ్ళద్దాలు మార్చారా?"

"ఆరు నెలలైంది."

"చెప్పలేదే?"

"చూస్తావనుకున్నాను."

కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాను.

"సముద్రం ఎలా ఉంది?" అన్నాను.

"చాలా పెద్దగా ఉంది. పక్కకు తిరిగి, 'చూశారా!' అన్నాను. ఎవరో ముసలాయన, 'చూశానమ్మా' అన్నాడు."

నవ్వబోయాను. ఆవిడ నవ్వడం లేదు.

"టైమవుతోంది, లోపలికి వెళ్ళు" అన్నాను. కదల్లేదు.

"విమానం పోతుందే!"

"ఉచితంగా వచ్చిందే కదా, పోనివ్వండి."

అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేసి సెలవు పొడిగించుకుంది. నా తిరుగు టికెట్టును కూడా ఆవిడే నీళ్ళపాలు చేసింది. రెండు రోజులు సముద్రం చూశాం. తిరుగు రైలుకు పక్కపక్క సీట్లు, కౌంటరు దగ్గర నిలబడి, నోట్లు లెక్కపెట్టి మరీ కొంది. పాఠకులారా, ఒక్క పాయింటు రాలేదు! ఒక్కటంటే ఒక్కటి! ఇలాంటి దుబారా మనుషుల్ని చూసైనా మీరు బుద్ధి తెచ్చుకోవాలని కోరుతున్నాను.

రైలు కదిలాక నా ఫోన్ మోగింది. నేను అందుకునేలోగా మా ఆవిడే తీసింది. ఏదో బ్యాంకు నుంచట, సారుకు కొత్త కార్డు ఇస్తారట, బోనస్ రెట్టింపట.

"ఆయన నిద్రపోతున్నారండీ" అంది.

మా ఆవిడ అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. ఆవిడ మాట పోకూడదని వెంటనే కళ్ళు మూసుకున్నాను.